మొదటి మాటకు ముందు

(నల్గొండలో మహిళా సంఘాల శిక్షకులు, ఉపాధ్యాయులు, పంచాయతీ కార్యదర్శులు పాల్గొన్న శిక్షణ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీద ఉన్న పెద్దలకు, దేవరకొండ, మిర్యాలగూడ, నాగర్‌కర్నూల్, నారాయణపేట వంటి దూరప్రాంతాల నుంచి తెల్లవారుజామునే బస్సెక్కి వచ్చిన అక్కలకు, అన్నలకు నమస్కారం.

పదిమందిని ఒకచోట కూర్చోబెట్టి, ఒక సమస్యను వాళ్ల ముందుంచి, వాళ్ల ఆలోచనలను రాబట్టవలసిన బాధ్యత మీలో ప్రతి ఒక్కరికీ నెలలో రెండు మూడు సార్లయినా ఎదురవుతుంది. దానిని మనం వర్క్‌షాప్ అంటాం, కార్యశాల అంటాం, మేధోమథనం అంటాం. ఊళ్లో అయితే కూర్చొని మాట్లాడుకోవడం అంటాం. పేరు ఏదైనా, అది సరిగా నడిస్తే ఊరికి మేలు జరుగుతుంది. సరిగా నడవకపోతే, పని మానుకొని వచ్చినవాళ్ల పూట వృథా అవుతుంది. ఒక పూట కూలి పోవడమంటే ఏమిటో ఉమ్మడి నల్గొండ, పాలమూరు జిల్లాల్లో పుట్టి పెరిగినవాళ్లకు విడమరచి చెప్పనక్కరలేదు.

ఇరవై ఏళ్లకు పైగా ఈ పని చేసిన తరువాత నాకు గట్టిగా కుదిరిన నమ్మకం ఒకటి ఉంది. ఒక సమావేశంలో ఏం తేలుతుందన్నది, మొదటి మాట ఎవరి నోట వచ్చింది, ఆ మాట రాకముందు మిగిలినవాళ్లకు సొంతంగా ఆలోచించుకునే వ్యవధి దొరికిందా లేదా అన్నదాని మీద చాలావరకు ఆధారపడి ఉంటుంది. ఆ మొదటి మాటకు ముందున్న ఐదు పది నిమిషాలను కాపాడటమే చర్చ నడిపేవారి అసలు పని. ఈ పూట నేను చెప్పేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ఇది నాకు పుస్తకాలు నేర్పిన విషయం కాదు. పనిలో చేరిన కొత్తలో, 2005 ప్రాంతంలో, మర్రిగూడ వైపు ఒక ఊళ్లో తాగునీటి మీద సమావేశం పెట్టాం. ఆ ప్రాంతపు నీళ్ల సంగతి మీకు తెలుసు. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండకూడదని ప్రమాణం. అంతకు ఎన్నో రెట్లు ఫ్లోరైడున్న బోరు నీళ్లు తాగి, పళ్లు గారపట్టినవాళ్లను, నడుములు వంగిపోయినవాళ్లను, కాళ్లు వంకరపోయిన పిల్లలను చూస్తూ పెరిగినవాళ్లం మనం. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడును అడుగుకు దింపే పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ రూపొందిస్తే, దానికి ప్రపంచమంతటా నల్గొండ పద్ధతి అనే పేరే నిలిచిపోయింది. అంతగా ఈ జిల్లా పేరు ఆ బాధతో ముడిపడింది. ఆ రోజు నేను ఎంతో శ్రద్ధతోనే వెళ్లాను. బడి వరండాలో జంపఖానా పరిచాం, చార్టు గోడకు అంటించాం, రంగు పెన్నులు సిద్ధం చేసుకున్నాం. మగవాళ్లు ముందు వరుసలో కుర్చీల్లో కూర్చున్నారు. ఆడవాళ్లు గోడవారగా, కొంగులు నిండుగా కప్పుకొని నేల మీద కూర్చున్నారు. నేను నిలబడి, "మన ఊరి నీళ్ల కష్టం తీరాలంటే ఏం చేయాలి, ఎవరైనా చెప్పండి" అని అడిగాను.

ముందు వరుసలోని పెద్దాయన ఒకరు లేచి, ఇంకొక ట్యాంకు కట్టాలని అన్నారు. ఆయన మంచి మనిషి, ఊరి మేలు కోరేవారు. ఆయన కూర్చోగానే రెండో ఆయన లేచి ఆ ట్యాంకు బడి పక్కన కడితే బాగుంటుందన్నారు. మూడో ఆయన గుడి పక్కన అన్నారు. అక్కడి నుంచి రెండు గంటలపాటు ట్యాంకు ఎక్కడ కట్టాలన్న దాని మీదే వాదన జరిగింది. నేను చార్టు మీద పెద్ద అక్షరాలతో ట్యాంకు అని రాసి, దాని కింద ఐదు చోట్ల పేర్లు రాశాను. చర్చ బ్రహ్మాండంగా సాగిందనుకున్నాను.

సమావేశం ముగిసి, జంపఖానా దులిపి మడుస్తున్నప్పుడు, రెండో కొస పట్టుకోవడానికి వచ్చిన ఒకావిడ నాతో నెమ్మదిగా అన్నమాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "ట్యాంకు ఉన్నది మేడమ్, కృష్ణ నీళ్లు కూడ వస్తున్నయి. గని పది గొట్టంగ ఇడుస్తరు. గా యాళ్లకు మేమంత పత్తి చేన్ల ఉంటం. ఇంటికాడ ముసలోళ్లు, పిల్లలు. ఆళ్లు బిందె మొయ్యగలుగుతరా? మేమొచ్చేసరికి నల్లా బందు. ఇగ బోరింగే దిక్కు." 

ఆ ఊరి సమస్య ట్యాంకు కానే కాదు. మంచినీళ్లు వస్తున్నాయి, కాని పట్టుకునే చేతులు ఇంట్లో లేని సమయంలో వస్తున్నాయి. నీళ్లు విడిచే వేళ మార్చితే, రూపాయి ఖర్చు లేకుండా సగం ఊరు విషపు నీటి నుంచి బయటపడుతుంది. ఆ సంగతి గోడవార కూర్చున్న ప్రతి ఆడమనిషికీ తెలుసు. రెండు గంటలపాటు ఆ మాట అక్కడే, నాకు పది అడుగుల దూరంలో, పెదవి దాటకుండా కూర్చొని ఉంది. ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగితే, "ట్యాంకు ముచ్చట నడుస్తుంటే నడుమ మేమేం మాట్లాడతం" అన్నది. తప్పు ఆ పెద్దాయనది కాదు, ఆమెది అంతకన్నా కాదు. "ఎవరైనా చెప్పండి" అన్న నాది. ఆ మాట అన్నామంటే, ఎప్పుడూ మాట్లాడేవారే మాట్లాడండి అని చెప్పినట్టే.

ఆ తరువాత ఈ విషయం గురించి ఎవరెవరు ఏం కనుక్కున్నారో చదవడం మొదలుపెట్టాను. మేధోమథనం అని మనం ఈనాడు పిలిచే పద్ధతికి రూపం ఇచ్చినవాడు అలెక్స్ ఆస్‌బర్న్ అనే అమెరికన్. ఆయన ప్రకటనల సంస్థ నడిపిన మనిషి. ఒకరి ఆలోచనను అక్కడికక్కడే విమర్శించకూడదు, ఎంత వింత ఆలోచననైనా ఆహ్వానించాలి, ఎన్ని ఎక్కువ వస్తే అంత మంచిది, ఒకరి ఆలోచనకు మరొకరు మెరుగు పెట్టాలి అన్న నాలుగు నియమాలు ఆయనవే. 1953లో ఆయన రాసిన పుస్తకంతో అవి ప్రపంచమంతా వ్యాపించాయి. నియమాలు మంచివే. అయితే పదిమంది కలిసి కూర్చుంటే విడివిడిగా ఆలోచించినప్పటికంటే ఎక్కువ ఆలోచనలు పుడతాయన్న నమ్మకం మాత్రం పరీక్షకు నిలవలేదు. 1958లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో టేలర్, బెర్రీ, బ్లాక్ అనే ముగ్గురు పరిశోధకులు నలుగురేసి మనుషులను కలిపి కూర్చోబెట్టి ఆలోచించమన్నారు. మరోవైపు ఒక్కొక్కరిని విడిగా కూర్చోబెట్టి ఆలోచించమని, తరువాత నలుగురి కాగితాలను కలిపి, ఒకేలా ఉన్నవాటిని తీసేసి లెక్కపెట్టారు. విడిగా ఆలోచించిన నలుగురి లెక్క, కలిసి ఆలోచించిన నలుగురి లెక్కకు దాదాపు రెట్టింపు వచ్చింది.

ఎందుకిలా అన్న ప్రశ్నకు 1987లో జర్మనీలో డీల్, ష్ట్రోబె అనే ఇద్దరు మంచి సమాధానం ఇచ్చారు. నలుగురిలో నవ్వులపాలవుతామన్న భయమా, ఎవరో ఒకరు చెబుతారులే అన్న ఉపేక్షా, లేక మరేదైనా ఉందా అని వాళ్లు విడదీసి పరీక్షించారు. అన్నిటికంటే పెద్ద అడ్డంకి చాలా సాదా సంగతి అని తేలింది. ఒక సమయంలో ఒక్కరే మాట్లాడగలరు. ఒకరు మాట్లాడుతుంటే మిగిలినవారు తమ వంతు కోసం ఆగాలి. ఆగే లోపల, మనసులో మెరిసిన ఆలోచనను మరచిపోకుండా పట్టుకోవడమో, ఎదుటివారు చెప్పేది వినడమో ఏదో ఒకటే చేయగలం, రెండూ ఒకేసారి సాగవు. కొందరు వంతు వచ్చేసరికి మరచిపోతారు, కొందరు తమ ఆలోచన ఇప్పుడు సందర్భం తప్పిందనుకొని మింగేస్తారు. నల్లా దగ్గర బిందెల వరుసను గుర్తుచేసుకోండి. ధార ఒక్కటే, బిందెలు ఇరవై. చివరి బిందె దాకా రాకముందే నీళ్లు బందవుతాయి.

ఈ మాట ఆస్‌బర్న్‌కు వ్యతిరేకంగా చెప్పడం లేదు. బృందంతో పాటు ఒంటరిగా ఆలోచించడం కూడా ఉండి తీరాలని ఆయన స్వయంగా చెప్పాడు. మనం ఆ సగం మరచి, మిగతా సగాన్నే పద్ధతిగా చేసుకున్నాం.

కాబట్టి చేయవలసిన పని కష్టమైనది కాదు. ప్రశ్న అడగండి, ఆ వెంటనే ఐదు నిమిషాలు ఎవరూ మాట్లాడవద్దని చెప్పి, ప్రతి ఒక్కరినీ తమ చీటీ మీద రాసుకోమనండి. అందరూ రాసిన తరువాత వరుసగా ఒక్కొక్కరు ఒక్కొక్క ఆలోచననే చదవాలి, మళ్లీ మొదటి మనిషి దగ్గరికి రావాలి, చీటీలన్నీ ఖాళీ అయ్యేదాకా అలా తిరగాలి. డెల్‌బెక్, వాన్ డి వెన్ అనే అమెరికన్ పరిశోధకులు తీర్చిదిద్దిన పద్ధతి ఇంచుమించు ఇదే. చదువుకున్నవాళ్ల బృందమైతే మరొక పద్ధతి కూడా బాగుంటుంది. బెర్న్‌డ్ రోర్‌బాక్ అనే జర్మన్ చూపించినది ఇది: ఆరుగురు కూర్చొని, ఒక్కొక్కరు ఐదు నిమిషాల్లో మూడు ఆలోచనలు రాసి, కాగితాన్ని పక్కవారికి అందిస్తారు. వాళ్లు పైన ఉన్నవి చదివి, వాటికి జోడిస్తూనో, కొత్తవో మరో మూడు రాస్తారు. ఆరు వంతులు తిరిగేసరికి అరగంటలో 108 ఆలోచనలు కాగితాల మీద ఉంటాయి. అందులో పనికివచ్చేవి పది ఉన్నా, నోటిమాటల్లో పుట్టే పదింటికంటే అవి ఎక్కువమందివై ఉంటాయి.

ఇక్కడ మీకొక సందేహం వస్తుంది, రావాలి కూడా. మన సంఘాల్లో రాయలేనివాళ్లు ఎందరో ఉన్నారు, వాళ్ల చేత చీటీ ఎలా రాయిస్తాం? వాళ్లకు చీటీ ఇచ్చి అవమానించవద్దు. ఇద్దరిద్దరిని జంటగా కూర్చోబెట్టి, ఐదు నిమిషాలు తమలో తాము మెల్లగా మాట్లాడుకోమనండి. జంటకు ఉన్న బలం ఎలాంటిదో సాలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1951లో ప్రచురించిన ప్రయోగం వల్ల తెలుస్తుంది. ఆయన గదిలో కొందరిని కూర్చోబెట్టి, చూపించిన గీతకు సమానమైన గీత ఏదో చెప్పమన్నాడు. జవాబు చిన్నపిల్లలకైనా కనిపిస్తుంది. కాని ఒక్కరు తప్ప అందరూ ముందే మాట్లాడుకొని తప్పు జవాబు చెబుతారు. అది తెలియని ఆ ఒక్క మనిషి, ఇంచుమించు మూడింట ఒక వంతు సార్లు, కళ్లెదుట ఉన్నదాన్ని కాదని, అందరితో పాటు తప్పే చెప్పాడు. అదే గదిలో ఒక్క మనిషి నిజం చెప్పే తోడు దొరికితే, ఆ లొంగుబాటు బాగా తగ్గిపోయింది. తోడు ఒక్కరు చాలు. గోడవార కూర్చున్న ఆ అక్క పక్కవారితో ఐదు నిమిషాలు మాట్లాడి ఉంటే, "అవును గదా, మాకూ గదే కష్టం" అన్న ఒక్క మాట విని ఉంటే, నీళ్లు విడిచే వేళ గురించి ఆమే లేచి చెప్పేది.

ఆ ఊరికి నేను నెల తరువాత మళ్లీ వెళ్లాను. ఈసారి చార్టు తీసుకుపోలేదు. ముగ్గుపిండి, జాజు, ఒక పొట్లం చింతగింజలు తీసుకుపోయాను. 1980ల చివర్లో, 1990ల మొదట్లో మన దేశంలో రాబర్ట్ ఛాంబర్స్ అనే బ్రిటిష్ పరిశోధకుడు, ఆయనతో కలిసి పనిచేసిన మైరాడా వంటి స్వచ్ఛంద సంస్థలు, ఇలా నేల మీద పటం గీయించి, గింజలతో లెక్క పెట్టించే పద్ధతులను పల్లెల్లోనే, పల్లెవాసులతోనే కలిసి పెంచారు. బడి ముందర మట్టి మీద ఊరి పటం గీయమని ఆడవాళ్లను అడిగాను. మొదట ఎవరూ కదల్లేదు. నేనే ముగ్గుపిండితో ఒక గీత గీసి, ఇదే మీ పెద్ద బాట అన్నాను. "గట్ల కాదు మేడమ్, బాట మలుగుతది" అంటూ ఒకావిడ నా చేతిలోని ముగ్గుగిన్నె తీసుకున్నది. ఆ గిన్నె మళ్లీ నా చేతికి రాలేదు. చేతిలో ముగ్గు ఉన్న ఆడమనిషి నేల మీద ఎంత అధికారంగా కూర్చుంటుందో మీరు చూసే ఉంటారు. మైకు ముందు నోరు పెగలని వాళ్లు ఆ పటం మీద ఏ ఇంటికి ఏ నల్లా దగ్గర, ఏ గల్లీలో నీళ్లు ఎక్కవు, ఎవరి ఇంట్లో పగలు ఎవరూ ఉండరు అని ఒకరినొకరు సరిదిద్దుకుంటూ గంటన్నరలో మొత్తం లెక్క తేల్చారు. మగవాళ్లు చుట్టూ నిలబడి చూశారు. ట్యాంకు అన్న పెద్దాయన కూడా పటం చూసి, "గీ సంగతి నాకు ఎరుకలేదు" అని ఒప్పుకున్నారు. నీళ్లు విడిచే మనిషితో ఆయనే మాట్లాడి వేళ మార్పించారు.

పెద్దవాళ్ల విషయానికి వస్తే, ఊరి పెద్దను, అధికారిని, ప్రధానోపాధ్యాయుడిని మొదట మాట్లాడనివ్వకుండా ఎలా ఆపగలమని చాలామంది నన్ను అడుగుతారు. ఆపడం అన్న ఆలోచనే మనకు వద్దు. మన పంచాయితీల సంప్రదాయం గుర్తుచేసుకోండి. రచ్చకట్ట మీద పెద్దమనిషి తగవు మొదట వింటాడు, అందరి మాటా అయిన తరువాత తన మాట చెబుతాడు. చివర మాట్లాడటమే పెద్దరికం. సమావేశానికి ముందురోజే ఆయన ఇంటికి వెళ్లి, "రేపు అందరూ చెప్పినవి మీరు విని, ముగింపులో మీ మాట చెబితే బాగుంటుంది" అని అడగండి. నాకు తెలిసినంతలో ఇలా అడిగితే కాదన్నవాళ్లు లేరు. అదే పని సమావేశంలో పదిమంది ముందు చేయబోతే అది ఆయనకు చిన్నతనం, మనకు కష్టం.

ఇక ప్రశ్న. మొదటి మాటకు ముందు వచ్చేది మన ప్రశ్నే కాబట్టి, దాని మీద మనం పెట్టే శ్రమ మిగతా అన్నిటికంటే ఎక్కువ ఉండాలి. ఈ విషయంలో మన గడ్డ మీద జరిగిన ఒక సభను నేను ఎప్పుడూ తలచుకుంటాను. హైదరాబాదు దగ్గర శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనం ముగించుకొని, 1951 ఏప్రిల్ 18న వినోబా భావే కాలినడకన పోచంపల్లికి వచ్చారు. అప్పుడది నల్గొండ జిల్లా. ఆ ఊరి దళితులు తమకు భూమి కావాలన్నారు. వినోబా వెంటనే ఓదార్పు మాటలు చెప్పలేదు, ఎంత భూమి కావాలని అడిగారు. ఎనభై ఎకరాలు అన్నారు. ఆ తరువాత ఆయన అక్కడ కూర్చున్న ఊరివాళ్ల వైపు తిరిగి, వీళ్లకు భూమి ఇవ్వగలవారు మీలో ఎవరైనా ఉన్నారా అని అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి వంద ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అలా మొదలైంది. ఆ ఉద్యమం తరువాత ఎక్కడెక్కడ ఎలా నడిచిందన్నది వేరే చర్చ. చర్చ నడిపేవాళ్లుగా మనం ఆ రెండు ప్రశ్నలను చూద్దాం. మొదటిది, కష్టాన్ని కొలతగా మార్చింది. రెండోది, ఎక్కడో ఉన్న ప్రభుత్వాన్ని కాక, ఆ నేల మీద కూర్చున్న మనుషులను అడిగింది, వాళ్లు ఆ క్షణంలో జవాబు చెప్పగల ప్రశ్న అది. మనం సాధారణంగా "మీ సమస్యలేమిటి" అని అడుగుతాం. ఆ ప్రశ్నకు వచ్చేది ఎవరికో ఇవ్వవలసిన వినతిపత్రమే. నీళ్ల సమావేశంలో నేను అడగవలసింది, "నిన్న మీ ఇంట్లో తాగిన నీళ్లు ఎవరు తెచ్చారు, ఎక్కడి నుంచి, ఏ వేళకు" అన్న ప్రశ్న. దానికి జవాబు ప్రతి ఇంటికీ ఉంది, ఒక్కొక్క ఇంటిదీ వేరువేరుగా ఉంటుంది, అందులో తప్పు జవాబు ఉండదు.

పాలమూరు వైపు ఉపాధ్యాయులతో కూర్చున్నప్పుడు కూడా ఇదే అనుభవం ఎదురైంది. పిల్లలు బడి ఎందుకు మానుతున్నారని అడిగితే, తల్లిదండ్రులకు అవగాహన లేదని అందరూ ఒకే జవాబు చెప్పారు. ఆ జవాబుతో ముందుకు పోవడానికి దారి లేదు. తరువాత ప్రశ్న మార్చి, హాజరు పట్టీలు తెప్పించి, ఏ తరగతిలో ఏ నెలలో ఎందరు రాలేదో పన్నెండు గడుల్లో గింజలు పెట్టి చూపించమన్నాం. పక్కనే మరో వరుసలో, తల్లులను పిలిచి, వాళ్ల లెక్కలో ఏ రోజుల్లో ఏ పని ఉంటుందో పెట్టమన్నాం. జనవరి, ఫిబ్రవరి అని అడగలేదు. మృగశిర కార్తె, రాఖీ పున్నమి, బతుకమ్మ, దీపావళి, సంక్రాంతి అని అడిగాం, ఎందుకంటే పొలం పనిచేసేవాళ్ల జ్ఞాపకం పండుగలతో, కార్తెలతో ముడిపడి ఉంటుంది. రెండు వరుసలూ పక్కపక్కన చేరేసరికి, రాఖీ పున్నమికి అటూ ఇటూగా మొదలై దీపావళి దాకా, బడిలో లేని పిల్లల గింజలు ఎక్కడ కుప్పపడ్డాయో, పత్తి విత్తన చేలల్లో క్రాసింగ్ పని గింజలు సరిగ్గా అక్కడే కుప్పపడ్డాయి. పువ్వు పువ్వుకూ చేత్తో పుప్పొడి అద్దే ఆ పనికి చిన్న చేతులు, చిన్న ఎత్తు కావాలని పిల్లలను పిలుస్తారు. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ మౌనాన్ని నేను చెడగొట్టలేదు. ఆ తరువాత వచ్చిన ఆలోచనలన్నీ ఆ మూడు నెలల గురించే. ఏ ఇంటికి ఎప్పుడు వెళ్లాలి, విత్తన రైతులతో ఎవరు మాట్లాడాలి, వలస వెళ్లే తల్లిదండ్రుల పిల్లలను ఏ హాస్టల్లో ఉంచాలి అన్నవి. అవగాహన అన్న మాట మళ్లీ ఎవరి నోటా రాలేదు.

చెప్పినదాన్ని రాసేటప్పుడు చాలా జాగ్రత్తగా ఉండండి. "నీళ్లిడిసే ఆయన మా గల్లీకి ఒక్కసారన్న వచ్చి చూడాలె" అని ఒకక్క అంటే, మనం చార్టు మీద "అధికారుల పర్యవేక్షణ పెంచాలి" అని రాస్తాం. ఆమె చెప్పినదాంట్లో ఒక మనిషి ఉన్నాడు, ఒక గల్లీ ఉంది, ఒక పని ఉంది. మనం రాసినదాంట్లో ఏమీ లేదు. ఆమె చదవలేకపోయినా, మీరు పైకి చదివి వినిపించినప్పుడు అది తన మాట కాదని ఆమెకు తెలిసిపోతుంది, మళ్లీ నోరు విప్పదు. ఉన్నదున్నట్టు, వాళ్ల యాసతో సహా రాయండి. పొడుగైతే, కుదించి చెప్పమని వాళ్లనే అడగండి.

ఆలోచనలు చాలా వచ్చాక వాటిలో ఏవి ముందు చేయాలో ఎంచుకోవడం మరో పని. రెండు పనులూ ఒకే సమయంలో చేయవద్దు, మధ్యలో చాయ్ విరామం పెట్టండి. ఎంపికకు మనిషికి ఐదు చింతగింజలు ఇచ్చి, నచ్చిన ఆలోచన దగ్గర పెట్టమనడం అందరికీ తెలిసిన పద్ధతే. బొట్టుబిళ్లలు అంటించమనేవాళ్లూ ఉన్నారు. దీంట్లోనూ మొదటి మాట ప్రమాదం దాగి ఉందని గమనించడానికి నాకు ఏళ్లు పట్టింది. మొదటి ముగ్గురి గింజలు ఎక్కడ పడితే, వెనకవాళ్లు అక్కడే వేస్తారు. సర్పంచి గింజలు ఎక్కడున్నాయో చూసి వేసేవాళ్లూ ఉంటారు. ఇప్పుడు మేము కాగితపు చాయ్ గ్లాసులను బోర్లించి, అడుగున గింజ పట్టేంత కంత చేసి, ఒక్కొక్క ఆలోచన ముందు ఒక్కొక్కటి పెడుతున్నాం. గ్లాసు లోపల ఎన్ని పడ్డాయో చివరిదాకా ఎవరికీ కనిపించదు. చివర గ్లాసులు ఎత్తినప్పుడు అందరూ ముందుకు వంగి చూసే ఆ క్షణం కోసమైనా ఈ పద్ధతి పాటించదగినది.

మిగిలినవి త్వరగా చెబుతాను. పన్నెండు పదిహేనుమంది దాటితే చిన్న గుంపులుగా విడదీయండి. కుర్చీలు కొందరికి, నేల కొందరికి వద్దు. అందరూ జంపఖానా మీద, లేదా అందరూ కుర్చీల మీద, గుండ్రంగా కూర్చోవాలి. భోజనం తరువాతి గంటలో కూర్చొని వినే పని పెట్టకుండా, లేచి తిరిగే పని పెట్టండి. ఫోన్లో జూమ్ సమావేశం పెట్టినా, మాట్లాడకముందు అందరూ తమ జవాబును రాసి ఉంచుకొని, మీరు చెప్పినప్పుడు ఒకేసారి పంపేటట్టు చూడండి. ముగిసేటప్పుడు ఏ పని, ఎవరు, ఏ రోజుకు అన్న మూడూ పేర్లతో సహా చదివి వినిపించండి. చూద్దాం అన్న జవాబును మాత్రం రాసుకోవద్దు. ఆ పని జరిగిందో లేదో అదే ఊళ్లో, అదే మనుషుల ముందు, వచ్చే సమావేశంలో మొదటి విషయంగా అడగండి.

నేను ఇప్పటికే చాలాసేపు మాట్లాడాను. ఈ గదిలో మొదటి మాట నాదైపోయిందన్న బెంగ నాకు ఉంది. మీ కుర్చీల మీద ఒక్కొక్క చీటీ, పెన్ను పెట్టించాను, తీసుకోండి. ఈ నెలలో మీరు నడపబోయే సమావేశం ఒకటి తలచుకోండి. దానికి వచ్చేవాళ్లలో, పోయినసారి ఒక్క మాట కూడా మాట్లాడని ఒక మనిషిని గుర్తుతెచ్చుకొని, ఆ మనిషి మాత్రమే జవాబు చెప్పగల ప్రశ్న ఒకటి రాయండి. ఐదు నిమిషాలు. పక్కవారితో మాట్లాడవద్దు. నేనూ మాట్లాడను. ఐదు నిమిషాలు అయ్యాక, ఆ చివరి వరుసలో తలుపు పక్కన కూర్చున్న అక్కతో మొదలుపెడదాం.